స్పితి లోయ మనుషులు అమాయకులా? నేను చూసింది వేరు

"చెన్నై నుంచి స్పితి లోయకు వెళ్ళి వచ్చినవారు ఎవరైనా ఉన్నారా? అక్కడి మనుషులు కల్లాకపటం తెలియని అమాయకులని అంటారు, నిజమేనా?" అని ఒకరు అడిగారు. మొదటి ప్రశ్నకు జవాబు తేలిక. నేను పెరంబూరులో ఉంటాను. 2022 ఆగస్టులో హిమాచల్ ప్రదేశ్‌లోని ఈ హిమాలయ లోయకు వెళ్ళి పన్నెండు రోజులు తిరిగి వచ్చాను. రెండో ప్రశ్న చూశాకే రాయాలనిపించింది, ఎందుకంటే అమాయకులనే మాటను నేనూ మూటగట్టుకునే వెళ్ళాను. లాంగ్జా అనే ఊళ్ళో ఒకరింట నాలుగు రాత్రులు ఉన్నాక ఆ మూట అక్కడే దింపేశాను.

ముందు దారి సంగతి. చండీగఢ్ వరకు విమానం, అక్కడి నుంచి సిమ్లా, రాంపూర్, రెకాంగ్ పియో, నాకో మీదుగా బస్సులు. ఖాబ్ దగ్గర స్పితి నది సట్లెజ్‌లో కలుస్తుంది. అది దాటాక కొండల మీద పచ్చదనం కరువు. మనాలీ నుంచి కుంజుమ్ కనుమ మీదుగా వెళితే దగ్గరే, కానీ మన సముద్రతీరపు ఊపిరితిత్తులకు సిమ్లా వైపు నుంచి వచ్చే ఈ కిన్నౌర్ దారే మేలు, ఎత్తు మెల్లగా పెరుగుతుంది. అంత జాగ్రత్తగా వెళ్ళి కూడా నేనొక తెలివితక్కువ పని చేశాను. తాబోలో ఉదయం బయలుదేరి, స్పితి ముఖ్య పట్టణమైన కాజాలో ఒక్క రాత్రి కూడా ఆగకుండా, సాయంత్రానికి లాంగ్జా చేరాను. తాబో దాదాపు 3,300 మీటర్లు, లాంగ్జా 4,400. ఆ రాత్రి తలను ఎవరో రోట్లో వేసి దంచినట్టుంది. మీరు కాజాలో రెండు రాత్రులైనా పడుకుని పైకి వెళ్ళండి.

నన్ను చూసి ఆ ఇంటి పెద్దావిడ ఏమీ కంగారుపడలేదు. వెల్లుల్లి దంచి వేసిన వేడి సూపు ఇచ్చి, మర్నాడు మధ్యాహ్నం దాకా గుమ్మం దాటవద్దని ఆజ్ఞ వేసింది. ఆవిడను అందరూ 'ఆమా' అంటారు. అంటే అమ్మే. ఆ లోయలో నేను అర్థం అడగకుండా పట్టుకున్న మాట అదొక్కటి. మిగతాదంతా ఆవిడకు వచ్చిన హిందీ, నాకు రాని హిందీ కలిపి నడిపించాం. అక్కడి టీలో ఉప్పు, వెన్న వేస్తారు. టీ అనుకుంటే మింగుడుపడదు, చారు అనుకుని తాగండి. వేయించిన బార్లీ పిండిని అందులో కలిపి ముద్ద చేస్తారు. అది మాత్రం మన సత్తుపిండికి చుట్టమే.

ఇక మనుషుల సంగతి. అక్కడ వాన దాదాపు లేదు. రుతుపవనాల మేఘాలను ముందున్న పర్వతాలే ఆపేస్తాయి. అందుకే మట్టి ఇళ్ళు, చదును కప్పులు. 996లో కట్టిన తాబో బౌద్ధారామం కూడా మట్టిదే, ఇంకా నిలబడి ఉంది. పొలానికి నీరు రావాలంటే పైన మంచు కరగాలి. ఆ నీటిని కాలువ తవ్వి దించుకుంటారు, ఏ ఇంటి పొలానికి ఎప్పుడు పారాలో వంతులుంటాయి. శీతాకాలానికి పిడకలు, ఎండుపుల్లలు, గడ్డి ఇంటి కప్పు అంచుల మీద పేర్చుకుంటారు. ఆమా రోజూ ఒకసారి పైకెక్కి ఆ వరుసల వైపు చూసేది. మా అమ్మ నెలాఖరున బియ్యం డబ్బా మూత తీసి చూసే చూపు అది.

మరుగుదొడ్డి ముచ్చట కూడా చెప్పాలి, ఇబ్బందిగా ఉన్నా సరే. నీళ్ళుండవు. పై అంతస్తు గదిలో నేలకు ఒక కన్నం, పక్కన మట్టి, ఒక పార. పని అయ్యాక మట్టి వేసి రావాలి. కింద పోగైనదంతా ఎరువై వసంతంలో పొలానికి పోతుంది. మొదటి రోజు ముక్కు చిట్లించాను. ఆ పొలంలోని పచ్చి బఠానీ తిన్న రోజు నోరు మూసుకున్నాను. అంత తీపి బఠానీ నేను ఎక్కడా తినలేదు. ఇప్పుడు స్పితిలో చేతికి డబ్బు తెచ్చే పంటల్లో అదే ముఖ్యం. నేను ఉన్న రోజుల్లోనే కోతలు. లారీ ఎప్పుడొస్తుందో, టోకు మార్కెట్లో ధర ఎంతో, ఆమా ఫోనులో గట్టిగానే బేరమాడేది. ఆ గొంతులో అమాయకత్వం నాకైతే వినబడలేదు.

పాత కట్టుబాటు ప్రకారం పొలమంతా పెద్దకొడుక్కే. మిగతా కొడుకుల్లో చాలామంది ఆరామాలకు వెళ్ళేవారు. భక్తి ఉంది, కాదనను. కానీ కాస్తంత పొలాన్ని నలుగురికి పంచితే నలుగురూ పస్తులుంటారన్న లెక్క కూడా అందులో ఉంది. ఇప్పుడు అది సడలింది. ఆమా రెండో కొడుకు కాజాలో టాక్సీ నడుపుతున్నాడు.

బయలుదేరేటప్పుడు మా అమ్మ ఒకటే కోరింది: "హిమాలయాలకు వెళుతున్నావు కదా, సాలగ్రామం తీసుకురా." మన సాలగ్రామాలు నేపాల్‌లోని గండకీ నదివి. అయితే లాంగ్జా చుట్టుపక్కల నల్లరాళ్ళలోనూ అలాంటి చక్రాలే దొరుకుతాయి. హిమాలయాలు లేవకముందు అక్కడ టెథిస్ సముద్రం ఉండేది, అందులో బతికిన అమ్మోనైట్లనే చుట్టగుల్ల జీవుల శిలాజాలు అవి. బీసెంట్ నగర్ ఒడ్డున గవ్వలు ఏరుకున్నవాణ్ణి, 4,400 మీటర్ల ఎత్తున మళ్ళీ అదే పని చేస్తూ కూర్చున్నాను. ఒకటి దొరికింది, అరచేతిలో పట్టేంత. ఇంటికి తెచ్చి ఆమాకు చూపించాను. తీసుకుని తిప్పి చూసి, "ఈ ఏడాది మా ఇంట్లో ఎంతమంది దిగారో తెలుసా? తలా ఒకటి పట్టుకుపోతే వచ్చే ఏడాది ఏం చూడడానికి వస్తారు?" అంది. ఎక్కడ తీశానో అక్కడే పెట్టి వచ్చాను. బదులుగా పక్క ఊరు హిక్కిం తపాలా కార్యాలయం నుంచి అమ్మకు కార్డు రాశాను. 1983 నుంచి నడుస్తున్న ఆ కార్యాలయం 14,500 అడుగుల పైన ఉంది. కార్డు ఇంటికి చేరింది, నేను చేరిన చాలా రోజులకు. అమ్మ సాలగ్రామం సంగతి ఇప్పటికీ మరచిపోలేదు.

చివరి రాత్రి తందూరు చుట్టూ కూర్చున్నాం. తందూరంటే గది మధ్యలో ఉండే ఇనుప పొయ్యి. మా ఊరు సముద్రం పక్కనే అన్నాను. "అయితే మీకు నీళ్ళకు లోటు లేదు," అంది ఆమా. 2019 వేసవి గురించి చెప్పక తప్పలేదు. చెన్నైకి తాగునీరిచ్చే చెంబరంబాక్కం, పూండి, పుళల్, చోళవరం జలాశయాలు నాలుగూ ఎండిపోయాయని, జోలార్‌పేట నుంచి రైలులో నీళ్ళు తెచ్చారని చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"రైలుకు ఎన్ని డబ్బాలు?"

యాభై. మొత్తం పాతిక లక్షల లీటర్లు.

"ఊళ్ళో ఎంతమంది?"

డెబ్భై లక్షలు అనుకోండి అన్నాను. కొడుకు ఫోను తీశాడు, ఆవిడ మాత్రం చేతిలోని గ్లాసు వైపు చూసింది. "మనిషికి పెద్ద గ్లాసుడు," అంది. తర్వాత కాసేపాగి, "మరి పొలాలకు?" అని అడిగింది.

మా ఊళ్ళో పొలాలు లేవన్నాను. ఆమా నా వైపు జాలిగా చూసి, ఇంకొంచెం టీ పోసింది.