కింది రెప్ప సర్జరీ: లోపలి కోతా, బయటి కోతా?

కళ్ల కింద సంచులు పోవడానికి చేసే సర్జరీని ఒక డాక్టరు రెప్ప లోపలి నుంచి చేద్దామన్నారు, ఇంకొకరు కనురెప్ప వెంట్రుకల కింద కోసి చేద్దామన్నారు, ఎవరి మాట వినాలని మీరు అడిగారు. మూడేళ్ల కిందట నాదీ ఇదే టెన్షన్. అప్పుడు నాకు 47. కళ్ల కింద సంచులు మా నాన్నగారు ఇచ్చిన ఆస్తి. ఎనిమిది గంటలు హాయిగా పడుకుని ఆఫీసుకెళ్లినా "రాత్రి నిద్ర లేదా మేడమ్?" అనేవాళ్లు.

మొదటి డాక్టరు ఫొటోలు చూసి బయటి కోతే అన్నారు. రెండో ఆవిడ ఆక్యులోప్లాస్టీ సర్జన్, అంటే కనురెప్పల ప్లాస్టిక్ సర్జరీలు చేసే కంటి డాక్టరు. కింది రెప్పను వేలితో లాగి వదిలి, అది ఎంత చురుగ్గా వెనక్కి వెళ్లి అతుక్కుంటుందో చూశారు. తర్వాత పైకి చూడమన్నారు. అలా చూసినప్పుడు సంచి ఇంకా ఉబ్బితే అది కొవ్వే అని చెప్పారు. పొద్దున ఎక్కువై సాయంత్రానికి తగ్గే ఉబ్బయితే నీరు కావచ్చట, దానికి కొవ్వు తీస్తే లాభం లేదు. నాది కొవ్వు, రెప్ప బిగువుగానే ఉంది, చర్మం పెద్దగా వేలాడటం లేదు. అందుకే లోపలి నుంచి చాలన్నారు.

ఈ ట్రాన్స్‌కంజంక్టైవల్ పద్ధతిలో బయట మచ్చ ఉండదు. కన్ను మూసే కండరాన్ని కోయరు కాబట్టి రెప్ప కిందికి జారే ప్రమాదమూ తక్కువ. కానీ వేలాడే చర్మం దీంతో పోదు. సబ్‌సిలియరీ అనే బయటి కోతలో చర్మాన్ని కూడా సరిచేయొచ్చు. అయితే చర్మం కాస్త ఎక్కువ తీసినా, రెప్ప ముందే వదులుగా ఉన్నా, తర్వాత నల్లగుడ్డు కింద తెల్లగా కనిపించడం, రెప్ప బయటికి తిరగడం, కంట్లో నీళ్లు కారడం లాంటివి రావచ్చు. వదులు రెప్ప ఉన్నవాళ్లకు కంటి బయటి మూలన బిగించే కుట్టు కూడా వేస్తారు. మా పెద్దక్కకు 61వ ఏట బయటి కోత పెట్టి, ఆ కుట్టూ వేశారు. చక్కగా ఉంది. కాబట్టి నాకు పనికొచ్చిందని మీకూ లోపలి కోతే అనుకోకండి.

కొవ్వు తీసేస్తారా, సర్దుతారా అన్నదీ అడగండి. నాకు సంచి కింద గుంట ఉండటంతో కొవ్వును అందులోకి జరిపారు. మరీ ఎక్కువ తీసేస్తే కళ్లు లోపలికి పోయినట్టు కనిపిస్తాయి. తొమ్మిదో రోజు ఆఫీసుకు వెళ్లాను, కానీ తెల్లగుడ్డు మీది పొర వాపు రెండు వారాలు ఉంది. ఒక నిరాశ ఏమిటంటే, నల్లటి వలయాలు అలాగే ఉన్నాయి. చర్మం రంగే నలుపైతే ఈ సర్జరీతో పోదని ముందే తెలిస్తే అంత ఆశ పెట్టుకునేదాన్ని కాదు.

ఎకోస్ప్రిన్ లాంటి రక్తం పలచబరిచే మాత్రలు వేసుకుంటుంటే ముందే చెప్పండి, సొంతంగా ఆపొద్దు. ఆపరేషన్ అయ్యాక కన్ను ఒక్కసారిగా విపరీతంగా నొప్పెట్టినా, చూపు మసకబారినా కంటి వెనక రక్తం చేరుతుండవచ్చు. అరుదే, కానీ చూపు పోయేంత ప్రమాదం. తెల్లారాక చూద్దామనుకోకుండా అర్ధరాత్రయినా హాస్పిటల్‌కు పరుగెత్తండి.

బయటి కోత అన్న మీ డాక్టరు రెప్ప లాగి చూశారా? చూడకపోతే ముందు అది చేయించుకోండి. డ్రై ఐ (కళ్లు పొడిబారడం) ఉన్నా, కళ్లద్దాలు పోవడానికి లాసిక్ లేజర్ సర్జరీ చేయించుకుని ఉన్నా ఇద్దరు డాక్టర్లకీ చెప్పండి.