బార్ట్‌లెట్ తాజ్‌మహల్ కొనే ముందు వెనక వైపు ఫోటో అడగండి

మీరు అడిగింది ఇది: ఇంగ్లండ్ చిత్రకారుడు చార్లెస్ బార్ట్‌లెట్ గీసి, జపాన్‌లో చెక్క దిమ్మలతో అచ్చేసిన తాజ్‌మహల్ ప్రింట్ ఒకటి ఆన్‌లైన్‌లో అమ్మకానికి ఉంది, 1916 నాటిదంటున్నారు, అసలుదో కాదో ఎలా తెలుసుకోవాలి, ఇలాంటివి సేకరించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి.

నేను టోక్యోలో ఆరేళ్లు ఉద్యోగం చేసి హైదరాబాద్ తిరిగొచ్చాను. అక్కడున్నన్నాళ్లూ చాలా శనివారాలు జింబోచోలో పాత పుస్తకాల కొట్ల మధ్యే గడిచాయి. ఇప్పుడు నా దగ్గర బార్ట్‌లెట్‌వి నాలుగు ఉన్నాయి. వాటిలో ఒకటి పాడైపోయింది, దాని సంగతి కింద చెబుతాను.

ముందుగా ఒక్క మాట. అమ్మే ఆయన ముందు వైపు ఫోటోలు పది పంపినా సరే, వెనక వైపు ఫోటో ఒకటి అడిగి తెప్పించుకోండి. మాది మచిలీపట్నం దగ్గర. పెడనలో కలంకారీ అద్దకం చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి నాకు ఈ తేడా వెంటనే అర్థమైంది. పెడనలో టేకు అచ్చుని రంగులో అద్ది, తిరగేసి గుడ్డ మీద వేసి గుద్దుతారు. జపాన్‌లో దిమ్మ కింద ఉంటుంది, దాని మీద రంగు బ్రష్‌తో పూసి, తడిపిన కాగితాన్ని పైన పరిచి, కాగితం వీపు మీద బారెన్ అనే గుండ్రటి బిళ్లతో గట్టిగా రుద్దుతారు. ఆ బిళ్లకి వెదురు పొర చుట్టి ఉంటుంది. కాగితం మల్బరీ జాతి చెట్టు బెరడుతో చేసింది, పొడుగు నార ఉంటుంది, రంగు దానిలోకి ఇంకుతుంది. అందుకని అసలు ప్రింట్ వెనక వైపు బొమ్మ నీడలాగా కనిపిస్తుంది, రుద్దిన చోట వంపు తిరిగిన గీతలు కూడా చాలాసార్లు కనిపిస్తాయి. వెనక అంతా తెల్లగా, నున్నగా ఉంటే నేనైతే అక్కడే ఆగిపోతాను.

ఇంకో పరీక్ష భూతద్దం. పదింతలు పెద్దది చేసి చూపించేది కొంటే చాలు. యంత్రం మీద అచ్చయిన బొమ్మలో రంగు చిన్నచిన్న చుక్కలుగా విడిపోతుంది, దిమ్మ మీద అచ్చయిన దానిలో రంగు పొరగా ఉంటుంది, కాగితం నార మధ్యలో కనబడుతుంది. నేను మొదట కొన్నది ఇంటికొచ్చాక అద్దం పెట్టి చూస్తే అంతా చుక్కలే, ఏదో పుస్తకంలోంచి కత్తిరించిన పేజీ. అమ్మినవాళ్లు ఎక్కడా అబద్ధం రాయలేదు, ‘బార్ట్‌లెట్ ప్రింట్’ అని మాత్రమే రాశారు, మిగతాదంతా నేను ఊహించుకున్నాను. కాబట్టి ‘ఇది చెక్క దిమ్మతో అచ్చేసిందేనా, ఏ సంవత్సరంలో అచ్చేసింది, కాదని తేలితే వెనక్కి తీసుకుంటారా’ అని మూడు ప్రశ్నలూ విడివిడిగా, రాతపూర్వకంగా అడగండి.

ఇక బార్ట్‌లెట్ గురించి. ఈయన కథ తెలిస్తే ఆ తాజ్‌మహల్‌ని చూసే తీరే మారిపోతుంది. 1860లో ఇంగ్లండ్‌లో పుట్టాడు, లండన్‌లోనూ పారిస్‌లోనూ బొమ్మలు నేర్చుకున్నాడు, అప్పటికే వాటర్‌కలర్లకి పేరున్నవాడు. 1913లో భార్యతో కలిసి తూర్పు దేశాల ప్రయాణం మొదలుపెట్టి మన దేశమంతా తిరిగాడు. పెషావర్, ఖైబర్ కనుమ, ఉదయపూర్, ఆగ్రా, కాశీ, కింద తమిళనాడులోని మదురై దాకా. 1915లో జపాన్ చేరాడు. అక్కడ వతనాబె షోజాబురో అనే ప్రచురణకర్త ఉన్నాడు. ఉకియో-ఎ అనే పాత చెక్క దిమ్మల ప్రింట్ల పద్ధతి చచ్చిపోతోందని బాధపడి, కొత్త చిత్రకారులతో ‘షిన్ హంగా’ అంటే కొత్త ప్రింట్లు చేయించడం మొదలుపెట్టినవాడు ఆయనే. 1915లోనే ఫ్రిట్జ్ కపెలారి అనే ఆస్ట్రియా చిత్రకారుడితో పని చేయించాడు. ఆ తర్వాత బార్ట్‌లెట్. 1916 ఒక్క ఏడాదిలోనే 20కి పైగా ప్రింట్లు వచ్చాయి, వాటిలో మన దేశం దృశ్యాలు చాలా ఉన్నాయి.

నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించేది ఇక్కడే ఉంది. చిత్రకారుడు గీసి ఇస్తాడు, అంతే. గీతల దిమ్మ ఒకటి, ఒక్కో రంగుకి ఒక్కో దిమ్మ, అన్నీ చెర్రీ చెక్క మీద ఒకాయన చెక్కుతాడు, ఇంకొకాయన అచ్చేస్తాడు, ప్రచురణకర్త దగ్గరుండి ఏది బాగుంది ఏది బాగాలేదు అని తేలుస్తాడు. అంటే మీరు చూస్తున్న ఆ తాజ్‌మహల్ నీడనీ యమున వెలుతురునీ కాగితం మీదకి తెచ్చింది టోక్యోలో నేల మీద కూర్చుని పనిచేసిన మనుషులు, వాళ్లకి ఆధారం ఒక ఇంగ్లీషాయన వేసిన రంగులు మాత్రమే. ఆకాశంలో రంగు పైన చిక్కగా మొదలై కిందకి పలచబడుతుంది చూడండి, దాన్ని బొకాషి అంటారు. అది దిమ్మలో చెక్కి ఉండదు. ప్రతి కాగితానికీ అచ్చేసేవాడు దిమ్మ మీద నీళ్లూ రంగూ బ్రష్‌తో కొత్తగా కలిపి తేవాలి. అందుకే ఒకే దిమ్మలతో వచ్చిన రెండు కాపీలు కూడా అచ్చం ఒకలా ఉండవు. బార్ట్‌లెట్ కాశీ ప్రింట్ ‘బెనారస్’ రెండు కాపీలు పక్కపక్కన పెట్టి చూసే అవకాశం ఒకసారి దొరికింది. ఒకదానిలో తెల్లవారుతోంది, రెండోదానిలో అప్పటికే పొద్దెక్కింది, నాకు అలాగే అనిపించింది. ధర రెండోదానికి తక్కువ, నేను మొదటిదే కొన్నాను, మూడు నెలలు వేరే ఖర్చులన్నీ ఆపుకున్నాను.

ఇవి అరుదు కావడానికి అసలు కారణం 1923 సెప్టెంబరు 1న వచ్చిన కాంతో భూకంపం. భూకంపం తర్వాత మంటలు టోక్యోని తినేశాయి, వతనాబె కొట్టూ దిమ్మలూ అమ్మకానికి ఉంచిన ప్రింట్లూ కాలిపోయాయి. బార్ట్‌లెట్ అప్పటికి అక్కడ లేడు. 1917లో ఇంగ్లండ్ వెళ్తూ దారిలో హవాయిలో దిగి, అక్కడే ఉండిపోయాడు, 1940లో హొనొలులులోనే చనిపోయాడు. మధ్యలో వతనాబె దగ్గరే ఇంకొన్ని చేయించాడు. 1919లో అలల మీద స్వారీ చేసే హవాయి కుర్రాళ్ల ప్రింట్లు అలా వచ్చినవే. వాటికి ఇప్పుడు పోటీ ఎక్కువ, సర్ఫింగ్ అభిమానులు కూడా కొంటారు. మన దేశం దృశ్యాలకి ఆ స్థాయి పోటీ నేను చూడలేదు, కాబట్టి మీరు ఎంచుకున్న చోటు మంచిదే.

వేలంలో కానీ ఆన్‌లైన్‌లో కానీ ఏది కొనేటప్పుడైనా హొనొలులు మ్యూజియం ఆఫ్ ఆర్ట్ వాళ్ల బార్ట్‌లెట్ సేకరణలో అదే బొమ్మ ఉందేమో వెతికి, కొలతలు పోల్చి చూడండి. ఫ్రేమ్‌లో పట్టడానికి అంచులు కత్తిరించేసిన కాపీలు చాలా తిరుగుతున్నాయి. అంచు పోతే ధర బాగా తగ్గాలి, తగ్గించకపోతే వదిలేయండి. సంతకం దిమ్మలోనే చెక్కి ఉంటుంది, కొన్ని కాపీలకి కింద అంచులో పెన్సిల్ సంతకం కూడా ఉంటుంది. అంచు కత్తిరిస్తే ఆ సంతకం కూడా పోతుంది. గోధుమరంగు మచ్చలు, పాత మౌంట్ బోర్డు ఆమ్లం వల్ల వచ్చిన పసుపు చట్రం, మడత గీత, వెనక టేపు ముక్కలు, వీటన్నిటి గురించీ అడగండి. నేను మచ్చలు కొంచెం ఉన్నా ఒప్పుకుంటాను, రంగు వెలిసిపోతే మాత్రం ఒప్పుకోను. మచ్చల్ని నిపుణులు కొంతవరకు తగ్గించగలరు, వెలిసిన నీలాన్ని ఎవరూ వెనక్కి తేలేరు.

పాడైపోయిందన్నాను కదా, అది కూడా చెప్పాలి. హైదరాబాద్ వచ్చిన ఏడాది, ఆ బెనారస్‌నే ఫ్రేమ్ కట్టించడానికి ఇక్కడ ఒక కొట్లో ఇచ్చాను. జిగురు పెట్టొద్దని రెండుసార్లు చెప్పాను. వారం తర్వాత వెళ్తే చాలా చదునుగా, ముడత లేకుండా ఉంది, తిప్పి చూస్తే వెనకంతా జిగురు పూసి హార్డ్‌బోర్డుకి అంటించేశారు. పనిచేసిన అబ్బాయికి ఎవరూ చెప్పలేదట. కాగితం పని తెలిసినావిడకి చూపిస్తే, రంగులు నీళ్లలో కలిపినవే కాబట్టి తడిపి ఊడదీయబోతే రంగు కదిలే ప్రమాదం ఉంది, వదిలేయడమే మేలు అన్నారు. ఇప్పటికీ అలాగే ఉంది. వందేళ్లు, ఒక భూకంపం, ఒక యుద్ధం దాటుకుని వచ్చిన వస్తువు నా చేతికొచ్చాక అలా అయిందంటే ఈ రోజుకీ కడుపులో దేవినట్టుంటుంది. దయచేసి మీరు ఫ్రేమ్ కట్టేటప్పుడు దగ్గరుండండి. పై అంచున రెండు చోట్ల మాత్రం పలచటి జపాన్ కాగితం ముక్కలతో, గోధుమ పిండి ఉడికించిన జిగురుతో వేలాడదీయాలి. కింది బోర్డు ఆమ్లం లేనిది కావాలి, అద్దం బొమ్మని తాకకూడదు. నేను ఏడాదిలో రెండు మూడు నెలలే గోడకి పెడతాను, మిగతా రోజులు పెట్టెలో. వానాకాలంలో పెట్టె తెరిచి చూస్తూ ఉండాలి, చెమ్మా పురుగూ కలిసే వస్తాయి.

విదేశం నుంచి తెప్పించేటప్పుడు పార్సిల్ మీద ‘పోస్టర్’ అని రాయించకండి. అసలు ప్రింట్లకి కస్టమ్స్‌లో 9702 అని వేరే శీర్షిక ఉంది, అదీ నిజమైన ధరా రాయమనండి, బిల్లు జాగ్రత్తగా దాచండి. ఇంకొకటి చాలామందికి తెలియదు. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళావస్తువుని మన దేశం నుంచి అనుమతి లేకుండా బయటికి పంపకూడదు. 1916 ప్రింట్ ఆ వయసు దాటేసింది. రేపు విదేశంలో అమ్ముకోవచ్చులే అనే లెక్కతో మాత్రం కొనకండి.

బార్ట్‌లెట్ దొరక్కపోతే ఎలిజబెత్ కీత్‌ని చూడండి, స్కాట్లండ్ ఆవిడ, కొరియా మనుషుల్ని గొప్పగా వేసింది, ఈమెకీ ప్రచురణకర్త వతనాబెయే. పారిస్‌లో పుట్టి, చిన్నప్పుడే జపాన్ వచ్చి జీవితమంతా అక్కడే గడిపిన పాల్ జాకులే ఇంకో రకం. తన ప్రింట్లు తనే ప్రచురించుకున్నాడు, చెక్కినవాళ్ల పేర్లూ అచ్చేసినవాళ్ల పేర్లూ అంచులో వేయించేవాడు, ఆ ఒక్క పనికే నాకు ఆయనంటే గౌరవం. జపాన్‌కి విదేశీయుడు కాదు గానీ యోషిదా హిరోషి కూడా 1930లో బయల్దేరి మన దేశం తిరిగి అజంతా, ఎల్లోరా వేశాడు. అప్పటికి ఆ రెండూ నిజాం రాజ్యంలోవే, కాబట్టి హైదరాబాద్ వాళ్లకి అవి ఇంకొంచెం దగ్గర. ఆయనవి కొంటే అంచులో ‘జిజూరి’ ముద్ర ఉందో లేదో చూడండి, ఆయన పర్యవేక్షణలో అచ్చయిందని దానికి అర్థం.

మీరు చూసిన ఆ తాజ్‌మహల్ విషయానికొస్తే, మీరు పెట్టిన ఫోటోలో ఎడమ వైపు అంచు అసలు లేదు, కుడి వైపు వేలెడంత ఉంది. కత్తిరించారనే నా అనుమానం. ఫ్రేమ్‌లోంచి తీసి, వెనక వైపూ నాలుగు మూలలూ పగటి వెలుతురులో ఫోటోలు తీసి పంపమనండి. ఫ్రేమ్ తెరవడం కుదరదు అంటే డబ్బు పంపకండి.