మావాడు రక్తకణాల కోసం ఏడుస్తున్నాడు

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయికి ఏడేళ్లు. మా మరిది వాడికి ఫోన్‌లో ‘వన్స్ అపాన్ ఎ టైమ్... లైఫ్’ అనే పాత ఇంగ్లిష్ కార్టూన్ చూపించాడు. అందులో ఎర్ర రక్తకణాలు వీపు మీద ఆక్సిజన్ బుడగలు మోస్తుంటాయి, తెల్లకణాలేమో పోలీసులు. మొన్న సైకిల్ మీంచి పడి మోకాలు గీరుకుపోయింది. నొప్పి సంగతి ఎత్తకుండా “నా ఎర్ర కణాలు చచ్చిపోయాయి” అని ఒకటే ఏడుపు. పెరుగులో బ్యాక్టీరియా ఉందని పెరుగన్నం కూడా మానేశాడు. “ఆ బొమ్మలు చూపించి పిల్లోణ్ని భయపెట్టినారు” అని మా అత్త గొడవ. కార్టూన్ ఆపేయమంటారా?
– ఒక తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: ఆపొద్దమ్మా. రిటైరయ్యేదాకా అనంతపురంలో జీవశాస్త్రం చెప్పాను. పదో తరగతి పిల్లలు గుండె బొమ్మ చక్కగా గీసి మార్కులు తెచ్చుకునేవాళ్లు. ఆ గుండె తమలో కొట్టుకుంటోందన్న ధ్యాస చాలామందికి ఉండేది కాదు. మీవాడికి ఏడేళ్లకే అది వచ్చింది.

ఆ సీరియల్ ఆల్బర్ట్ బారిలే అనే ఫ్రెంచి ఆయన తీసినది, 26 భాగాలు. రక్తం ఎక్కడ బయల్దేరి ఎటు పోతుందో పుస్తకంలోని బాణం గుర్తుల కన్నా అందులో బాగా తెలుస్తుంది. చిక్కల్లా ఒక్కటే. కణానికి కళ్లూ నోరూ పెట్టేసరికి పిల్లల లెక్కలో అది మనిషైపోతుంది. మనిషి పోతే ఏడుపు రాదా మరి?

అందుకని వాడికి అంకెలు చెప్పండి. ఒక్క బొట్టు రక్తంలో 20 కోట్లకు పైగా ఎర్ర కణాలుంటాయి. పెద్దవాళ్ల ఎముకల్లోని మూలుగ సెకనుకు 20 లక్షలకు పైగా కొత్తవి తయారుచేస్తుంది. అంటే ఆ బొట్టు లోటు రెండు నిమిషాల్లోపు తీరిపోతుంది. దెబ్బ తగలకపోయినా ఎర్ర కణం బతికేది సుమారు 120 రోజులే. ముసలివైన కణాలను ప్లీహం, కార్జం విరగ్గొట్టి, వాటిలోని ఇనుమును కొత్త కణాల కోసం మూలుగకు అందేలా చేస్తాయి.

మోకాలి మీద ఈపాటికి పక్కు కట్టి ఉంటుంది. వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని అది చూపించండి. డెంగీ పుణ్యమా అని ప్లేట్‌లెట్ల పేరు తెలియని ఇల్లు లేదు కదా, గాయం దగ్గరికి ముందు చేరేవి అవే. తర్వాత సన్నటి దారాలు అల్లుకుంటాయి, వాటిలో ఎర్ర కణాలు చిక్కుకుని గడ్డకడతాయి. ఆ గడ్డే ఎండి పక్కవుతుంది. వాడు ఏడ్చిన కణాల్లో కొన్ని ఆ నల్లటి పక్కులోనే ఉన్నాయి, గాయానికి అడ్డం పడింది అవే. ఈ మాట చెబితే గిల్లడం కూడా మానేస్తాడేమో! అన్నట్టు, గాయాల నుంచి ధనుర్వాతం రాకుండా కాపాడే, ఐదేళ్లకు వేయించాల్సిన డీపీటీ బూస్టర్ వేయించారో లేదో టీకాల కార్డు తీసి చూసుకోండి.

పెరుగు సంగతి మీ అత్తగారికి వదిలేయండి. రాత్రి జేజి పక్కన కూర్చుని పాలు వాడి చేత్తోనే తోడువేయనివ్వండి. బ్యాక్టీరియా అంతా దొంగలేనని ఆ బొమ్మలు చూస్తే అనిపిస్తుంది. పొద్దున పెరుగు గట్టిగా తోడుకున్నాక, అది చేసింది కూడా బ్యాక్టీరియానే అని జేజి చేతే చెప్పించండి. ఆమె గొడవా తగ్గుతుంది.

మీరు మాంసం తినేవాళ్లయితే ఆదివారం మటన్ కొట్లో పొట్టేలు గుండెకాయ అడిగి తీసుకోండి. అది కొయ్యకుండా ఇమ్మని చెప్పాలి, లేకపోతే వాళ్లు అలవాటు కొద్దీ ముక్కలు కొట్టేస్తారు. మనకున్నట్టే దానికీ నాలుగు గదులు. ఇంటికి తెచ్చి నిలువుగా కోసి, కింది గదుల గోడలను వాడి వేలితో నొక్కించండి. కుడివైపు పలచగా, ఎడమవైపు బాగా మందంగా తగులుతుంది. కుడిది రక్తాన్ని పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు పంపితే చాలు, ఎడమది ఒళ్లంతా తిప్పాలి. ఎందుకు మందమో ముందు వాణ్నే అడగండి. ఏ కార్టూనూ ఇది వేలికి తగిలేలా చూపించలేదు.

చూసేటప్పుడు మీరో మరిదో పక్కన ఉండండి, రోజుకు ఒక భాగం చాలు. జ్వరం వచ్చినప్పుడు మాత్రం ఆ పోలీసుల యుద్ధాలు పెట్టకండి. ఎవరు గెలుస్తున్నారని గంటకోసారి అడుగుతాడు, మీకు లేనిపోని టెన్షన్.