పాత సీసీ రోడ్డు పెళ్లల్ని ఆడించి కొత్త రోడ్డులో కంకరగా వాడొచ్చా? మేం వాడాం, ఒకసారి దెబ్బ తిన్నాం

మీ కాలనీలో పాత సీసీ రోడ్డు తవ్వుతున్నారు, ఆ పెళ్లలు క్రషర్‌లో వేసి కొత్త రోడ్డుకే వాడితే ఎలా ఉంటుందని కదా అడిగారు. వాడొచ్చు. కాంక్రీటు కంకరకి మన దేశ ప్రమాణం ఐఎస్ 383 (2016) కూడా ఒప్పుకుంటుంది: స్టీలు లేని మామూలు కాంక్రీటులో కంకరలో 25 శాతం దాకా, స్టీలు వేసేదానిలో 20 శాతం (అదీ ఎం25 గ్రేడు వరకే; ఎం పక్కన అంకె పెరిగేకొద్దీ కాంక్రీటు బలం ఎక్కువ), ఎం15 కన్నా తక్కువ గ్రేడు లీన్ (సిమెంటు తక్కువ వేసే) కాంక్రీటులో అయితే పూర్తిగా.

అసలు తంటా నీళ్లతోనే. ఆడించిన ముక్క ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి, రాయికి పాత సిమెంటు గచ్చు గరిటెకు ఎండిపోయిన పిండిలా పట్టుకుని ఉంటుంది. బకెట్లో వేస్తే బుడబుడా బుడగలొస్తాయి, అంతగా నీళ్లు తాగుతుంది. మాకు ఇది తెలియక కాదు, పట్టించుకోలేదు. ఎండకి కాగిన పొడి ముక్కల్ని నేరుగా మిల్లర్‌లో (కాంక్రీటు కలిపే మిషన్‌లో) పోశాం. మొదట మాలు బాగానే ఉంది, పరిచే చోటుకి వెళ్లేసరికి బిగుసుకుపోయింది, మేస్త్రి తాపీ ఆడట్లేదని కుర్రాడితో ఇంకో రెండు మగ్గులు పోయించాడు, నేను చూసి కూడా ఊరుకున్నా. నెల తిరిగేసరికి ఆ రోడ్డు ముక్క మీద చెప్పుతో రాస్తే తెల్లటి పొడి లేచేది. పగలగొట్టి మళ్లీ వేశాం, మా జేబులోంచే.

తర్వాత పద్ధతి మార్చాం. ముందురోజు సాయంత్రం కుప్పని బాగా తడిపి గోనెపట్టాలు కప్పడం, పొద్దున పైన నీళ్లు కారిపోయాక వాడటం. ఆడించగా వచ్చిన డస్టు మాత్రం కాంక్రీటులో వేయలేదు, నీళ్లు ఎక్కువ తాగేది అదే. బలం పరీక్షకి క్యూబులు (కాంక్రీటు దిమ్మలు) కూడా వేయించాం, అది మానకండి.

మీరడిగితే నా సలహా, మొదటిసారైతే పై పొర జోలికి వెళ్లకండి, కింద బేస్‌కి, పీసీసీకి (స్టీలు లేని మామూలు కాంక్రీటుకి) వాడండి, రోలర్ కింద చక్కగా కూర్చుంటుంది. ఇటుక ముక్కలు, పీవోపీ, తారు, చెక్క ముందే ఏరించాలి, ఒకసారి ఆడించాక ఎవరి తరం కాదు. నాలుగైదు లారీల పెళ్లల కోసం క్రషర్ తెప్పిస్తే మాత్రం గిట్టదు. హైదరాబాద్‌లో అయితే జీడిమెట్ల, ఫతుల్లాగూడలో ఈ శిథిలాల ప్లాంట్లు ఉన్నాయి, ముందు అక్కడ రేటు కనుక్కోండి.