ముందు కార్డు తీసేసి, తర్వాత రుజువు తెచ్చుకోమన్నారు

"ప్రజల కోసం పెట్టిన ఆఫీసుల నిర్ణయాల వల్ల ఆ ప్రజలే నష్టపోవడం మీరెవరైనా చూశారా, లేక మా అమ్మ పింఛను ఆగిపోవడం ఏదో ఒక్క పొరపాటేనా" అని అడిగారు. చూశానండీ. మా ఇంట్లోనే తొమ్మిదేళ్లు చూశాను.

నన్ను పెంచింది చిన్నాయన, చిన్నమ్మ. చిన్నాయన రైస్ మిల్లులో హమాలీ. నలుగురి పేర్లతో ఆహార భద్రత కార్డు ఉండేది, తలకు 6 కిలోల లెక్కన నెలకు 24 కిలోల కంట్రోల్ బియ్యం, కిలో రూపాయి. 2016లో ఒక నెల చిన్నమ్మ సంచి పట్టుకుని వెళ్తే డీలర్ ఆ నెల లిస్టు మీద వేలు పెట్టి పైనుంచి కిందదాకా చూసి, "అక్కా, నీ పేరు రాలేదు" అన్నాడట. ఆమె గొడవ పడలేదు. సంచి మడిచి చంకలో పెట్టుకుని, లైన్లో అందరూ తీసుకుని వెళ్లిపోయేదాకా గోడ పక్కన నిలబడింది, చివర్లో ఇంకోసారి చూస్తాడేమోనని. చూశాడు కూడా పాపం, అతని చేతిలో మాత్రం ఏముంది.

నోటీసు లేదు, ఇంటికి వచ్చి అడిగినవాళ్లు లేరు. మండల ఆఫీసు చుట్టూ నాలుగైదుసార్లు తిరిగాక ఒక రోజు ఆపరేటర్ స్క్రీన్ నా వైపు తిప్పాడు. ఫోర్ వీలర్ ఉందని రాసి ఉంది, పక్కన బండి నంబర్. అది నా క్యాబ్ నంబర్! హైదరాబాద్‌లో ఫైనాన్స్ మీద తీసుకుని నడుపుకుంటున్న బండి. నా ఆధార్‌లో ఉన్నది ఊరి చిరునామా కాబట్టి ఆర్సీలోనూ అదే పడింది. పైగా 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే అంటే అందరిలాగే నేనూ కిక్కిరిసిన బస్సులో ఊరికి పోయి ఆ ఇంట్లోనే పేరు రాయించుకున్నాను, రాయించుకోకపోతే రేపు ఏ పథకమూ రాదని అప్పుడు అందరికీ టెన్షన్. నేనేమో నెలనెలా కిస్తీ కట్టలేక చస్తుంటే, ఆ బండిని చూపించి బస్తాలు మోసే మా చిన్నాయన ఉన్నోడని తేల్చేశారు.

బియ్యం పోతే ఎలాగోలా బయట కొనుక్కున్నాం. అసలు దెబ్బ 2018లో తగిలింది. చిన్నాయనకు గుండెలో స్టెంట్ వేయాలన్నారు. కార్డు లేకపోతే ఆరోగ్యశ్రీ లేదు. మూడు రూపాయల మిత్తికి లక్షా నలభై వేలు తెచ్చాం, అది తీరేసరికి నాలుగేళ్లు పట్టింది. కార్డు రద్దు చేసినవాళ్లు బియ్యం లెక్కే చూసుకుని ఉంటారు, ఆ ఒక్క కార్డు మీద ఆసుపత్రి కూడా ఆధారపడి ఉందని ఎవరైనా ఆలోచించారా అని నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఇది మా ఒక్కరి కథ కాదని తర్వాత తెలిసింది. రాష్ట్రం వచ్చాక తెలంగాణలో దాదాపు 19 లక్షల కార్డులు ఇలా రద్దయ్యాయి, ఎక్కువగా కంప్యూటర్ ఏరివేతతోనే. వాహనాలు, ఆస్తుల లాంటి రికార్డులను పేరును, చిరునామాను బట్టి మనిషికి జతచేసే సమగ్ర వేదిక అనే సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. ఒక సామాజిక కార్యకర్త కోర్టుకు వెళ్తే, రద్దయిన కార్డులన్నీ క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అంటే అసలు మొదట్లోనే చేయాల్సిన పని.

బోగస్ కార్డులు లేవని నేను అనను. మా ఊళ్లోనే పదెకరాల ఆసామి ఇంట్లో మూడు తెల్ల కార్డులు ఉండేవి. ఏరివేయాల్సిందే. కానీ అనుమానం వచ్చిన ఇంటికి ముందు ఒక కాగితం పంపి, పదిహేను రోజులు గడువిచ్చి, వీఆర్వోను ఒక్కసారి వెళ్లి చూసి రమ్మంటే ఏం పోయేది? ఆయన ఇల్లు మాకు రెండు వీధుల అవతలే. మా రేకుల ఇల్లు, కారు కాదు కదా ఎడ్లబండి కూడా తిరగని సందు, గడప దగ్గరే విషయం తేలిపోయేది. తీసేయడానికి వాళ్లకు ఒక్క క్షణం చాలింది. మేము మాత్రం ఆదాయం సర్టిఫికెట్, నోటరీ, మీసేవ రసీదులు, పోగొట్టుకున్న కూలి రోజులు... ఆ ఆపరేటర్ కూడా మంచివాడే, తప్పు జరిగిందని ఒప్పుకున్నాడు. కానీ దాన్ని సరిచేసే ఆప్షన్ అతని స్క్రీన్ మీద లేదు. పైన కూర్చుని నిర్ణయం తీసుకున్నవాళ్లు, అది తప్పయితే కింద ఎవరు దిద్దాలో రాయలేదు.

కార్డు మళ్లీ వచ్చింది 2025లో, కొత్తవి ఇచ్చినప్పుడు. ఇప్పుడు సన్న బియ్యం ఉచితంగా ఇస్తున్నారు, చిన్నమ్మ సంతోషంగానే ఉంది, అది వేరే సంగతి.

మీ అమ్మగారి విషయానికొస్తే, పింఛను ఏ కారణంతో ఆపారో రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా "సర్వర్‌లో ఉంది" అంటే ఒప్పుకోకండి. ఇవ్వకపోతే ఆర్టీఐ వేయండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటే అక్కడా అర్జీ ఇచ్చి రసీదు తప్పకుండా తీసుకోండి. అమ్మగారిని ఒంటరిగా మాత్రం పంపకండి. చిన్నమ్మ ఒక్కతే వెళ్లినన్నాళ్లూ "రేపు రా" అనే అన్నారు, నేను వెళ్లి కారణం కాగితం మీద రాసివ్వమన్న రోజే ఆ స్క్రీన్ మా వైపు తిరిగింది.