పందెం ఎంత వెయ్యాలి, బ్లఫ్ ఎప్పుడు చెయ్యాలి: మేనల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి కిరణ్‌కి మామయ్య ఆశీస్సులు.

శనివారం హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్‌లో మీ స్నేహితుల ఇంట్లో ఆడిన పోకర్ ఆట గురించి నువ్వు పంపిన మెసేజ్ నిదానంగా చదివాను. "అంత పెద్ద బెట్ వేసినా వాడు కాల్ చేశాడు మామయ్యా, మన వాళ్ల దగ్గర బ్లఫ్ పనిచెయ్యదు" అన్నావు. కాల్ అంటే ఎదుటివాడు వేసినంతే వేసి ఆటలో నిలబడటం, బ్లఫ్ అంటే మంచి ముక్కలు లేకపోయినా ఉన్నట్టు పందెం వేసి ఎదుటివాడిని తప్పించడం. అది పనిచేస్తుంది. నువ్వు చెప్పిన ఆ హ్యాండ్‌లో, అంటే ఆ ఒక్క పంపకంలో మాత్రం ఎవరి దగ్గరా పనిచెయ్యదు. ఫోన్‌లో చెబితే సగం చెవిన పడదు, అందుకే రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం తేల్చేస్తాను. తెలంగాణలో 2017లో, ఆంధ్రలో 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించారు. కర్ణాటక 2021లో చేసిన సవరణను ఇక్కడి హైకోర్టు 2022 ఫిబ్రవరిలో కొట్టేసింది. అందుకే అక్కడ ఆగిపోయిన మనవాళ్లు బెంగళూరుకి రాగానే మళ్లీ మొదలుపెట్టేవాళ్లు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టంతో దేశమంతటా ఒకటే మాట అయింది: నైపుణ్యం ఆటైనా, అదృష్టం ఆటైనా, ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడించకూడదు. శిక్షలు ఆడించేవాళ్లకీ ప్రకటనలిచ్చేవాళ్లకీ, ఆడేవాడికి కాదు. అలాగని మీ పీజీలో ఎవరో చెప్పారని వీపీఎన్ పెట్టుకుని విదేశీ సైట్లలో డబ్బు వెయ్యకు. అక్కడ నీ డబ్బు ఇరుక్కుంటే ఏ ఆఫీసుకి వెళ్లి ఎవరిని అడుగుతావు? ఉచిత చిప్స్‌తో ఆడు, శనివారాల్లో స్నేహితులతో డబ్బు లేకుండా పాయింట్లకి ఆడు. నేర్చుకోవడానికి అది బోలెడు.

ఇక అసలు సంగతి. నీ పందెం అలవాటు సంక్రాంతి మూడు ముక్కలాటలోంచి వచ్చింది. అందులో ఎంత వెయ్యాలన్నది చాలా వరకు ముందువాడు వేసినదాన్ని బట్టే తేలిపోతుంది. ముక్కలు చూడనివాడు ఒకటి వేస్తే చూసినవాడు రెండు వెయ్యాలి. అందుకే అక్కడ ధైర్యం అంటే బ్లైండ్‌లో, అంటే ముక్కలు చూడకుండా, ఎంతసేపు నిలబడ్డావన్నదే. నో లిమిట్ పోకర్‌లో ఎంతైనా వెయ్యొచ్చు. కాబట్టి నువ్వు వేసే ప్రతి అంకె నీ ముక్కల గురించి ఎదుటివాడికి ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది. "ఈ పందేనికి ఏ ముక్కలున్నవాడు ఫోల్డ్ చెయ్యాలి (ముక్కలు పడేసి తప్పుకోవాలి), ఏ ముక్కలున్నవాడు కాల్ చెయ్యాలి" అని ముందు తేల్చుకుని, తర్వాత అంకె ఎంచుకో. నువ్వు అంకె ముందు వేసి కారణం తర్వాత వెతుకుతున్నావు.

నీ హ్యాండే తీసుకుందాం. బ్లైండ్లు, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పక వెయ్యాల్సిన పందేలు, 50, 100. బటన్ మీద (పంచేవాడి చోట) నీకు ఇస్పేటు ఆసు, ఇస్పేటు 5 వచ్చాయి, 250కి రైజ్ చేశావు (పందెం పెంచావు), బిగ్ బ్లైండ్‌వాడు, అంటే ఆ 100 వేసినవాడు, కాల్ చేశాడు. పాట్, అంటే మధ్యలో పోగైన మొత్తం, 550. ఫ్లాప్‌లో, అంటే అందరికీ ఉమ్మడిగా తెరిచే మొదటి మూడు ముక్కల్లో, ఇస్పేటు రాజు, ఇస్పేటు 9, ఆఠీను 4. నువ్వు 300 వేశావు, వాడు కాల్. పాట్ 1150. ఇంతవరకు వంక పెట్టడానికి లేదు. టర్న్‌లో (నాలుగో ఉమ్మడి ముక్క) డైమను 2 పడింది, వాడు చెక్ (పందెం వెయ్యకుండా వదలడం) అన్నాడు, నువ్వూ చెక్ అన్నావు. రివర్‌లో (ఐదోది, చివరిది) కళావరు 7. వాడు మళ్లీ చెక్. అప్పుడు నువ్వు 1150 పాట్‌లోకి 3000 తోశావు. వాడు రాజు, 10 చూపించి పాట్ తీసుకున్నాడు.

టర్న్‌లో ఏం జరిగిందో చూడు. నీకు ఫ్లష్ (ఐదూ ఒకే రంగు, ఇక్కడ ఇస్పేట్లు) ఇచ్చే ఇస్పేట్లు ఇంకా 9 ఉన్నాయి. డైమను 2 పడటంతో ఆసు, 2, 4, 5 చేరాయి కాబట్టి ఏ 3 పడినా స్ట్రెయిట్ (వరసగా ఐదు అంకెలు). ఇస్పేటు 3ని ముందే లెక్కపెట్టాం, కొత్తగా 3 ముక్కలు. మొత్తం 12. కనబడని ముక్కలు 46, అంటే నాలుగింట ఒకసారికి కాస్త ఎక్కువే. బ్లఫ్ చెయ్యాల్సిన చోటు అదీ! ఓ 800 వేస్తే ఏ 9 పట్టుకున్నవాడో, చిన్న జతవాడో తప్పుకోవచ్చు. వాడు కాల్ చేసినా నీకు రివర్ ముక్క మిగిలే ఉంటుంది. దీన్నే సెమీ బ్లఫ్ అంటారు. నేర్చుకునేవాడు చేసే బ్లఫ్‌లలో ఎక్కువ భాగం ఇవే అయ్యుండాలని నా గట్టి అభిప్రాయం.

నువ్వు అక్కడ చెక్ చెయ్యడంతో వాడికి ఏం అర్థమైంది? రాజు, ఆసు పట్టుకున్నవాడు ఇస్పేట్లు పొంచి ఉన్న బోర్డు (టేబుల్ మీది ఉమ్మడి ముక్కలు) మీద ఊరికే ముక్క చూపించడు, డబ్బు అడుగుతాడు. టర్న్‌లో అడగనివాడు రివర్‌లో, ఎవరికీ పనికిరాని 7 పడ్డాక, ఒక్కసారిగా మూడు వేలు అడిగితే నమ్మేదెవరు? పందేలన్నీ ఒకదానికొకటి పొసగాలి. ఫ్లాప్ నుంచి రివర్ దాకా నిజంగా మంచి ముక్కలున్నవాడు ఎలా వేస్తాడో అలాగే నువ్వూ వేసి ఉండాలి.

రెండోది లెక్క. 1150 గెలవడానికి 3000 పణం పెట్టావు. వాడు నూటికి 72 సార్లకి పైగా ఫోల్డ్ చేస్తేనే నీకు గిట్టుబాటు. రాజు జత ఉన్నవాడు అన్నిసార్లు వదలడు.

మూడోది చాలామందికి తట్టదు. ఆ బోర్డు మీద నీ 3000కి ఎవరు ఫోల్డ్ చేస్తారు? ఇస్పేట్ల కోసం ఎదురుచూసి రానివాళ్లు: 10, 8 ఉన్నవాడు, రాణి, జాకీ ఉన్నవాడు. వాళ్లందరినీ నీ ఆసు ఎలాగూ గెలుస్తుంది, చెక్ చేసి ముక్కలు తిప్పితే చాలు. పైగా రెండు ఇస్పేట్లు నీ దగ్గరే ఉన్నాయి కాబట్టి అలాంటివాళ్ల సంఖ్య తగ్గింది కూడా. అంటే నీ బ్లఫ్‌కి తప్పుకునేవాళ్లను నువ్వు ఎలాగూ గెలుస్తావు, నిన్ను గెలిచేవాడు తప్పుకోడు. తప్పిన ఫ్లష్‌తో బ్లఫ్ చెయ్యాలని చెయ్యి దురద పెట్టినప్పుడల్లా ఈ మాట గుర్తు తెచ్చుకో.

పక్కనే పెట్టి చూడాల్సిన హ్యాండ్ ఒకటుంది. 2003 వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్ (ప్రధాన పోటీ) చివర్లో ఇద్దరే మిగిలారు: ఆన్‌లైన్ శాటిలైట్ (అర్హత పోటీ) గెలిచి వచ్చిన క్రిస్ మనీమేకర్, వృత్తి ఆటగాడు శామ్ ఫర్హా. మనీమేకర్ దగ్గర ఇస్పేటు రాజు, ఆఠీను 7. బోర్డు మీద 9, 2, 6 పడి, టర్న్‌లో ఇస్పేటు 8 వచ్చింది. 9, 6 కూడా ఇస్పేట్లే. దాంతో అతనికి ఫ్లష్ దారీ ఉంది, స్ట్రెయిట్ దారీ ఉంది. ఫర్హా బెట్‌కి అక్కడే రైజ్ చేశాడు. రివర్‌లో ఆఠీను 3, ఏమీ కుదరలేదు. ఫర్హా చెక్ అనగానే ఉన్నదంతా తోశాడు. 9ల జత ఉన్న ఫర్హా చాలాసేపు ఆలోచించి వదిలేశాడు. ఎందుకు వదిలాడంటే టర్న్‌లో రైజ్, రివర్‌లో ఆల్ ఇన్, రెండూ ఒకే మాట చెప్పాయి. ఫ్లష్ ఉన్నవాడు అచ్చం అలాగే ఆడతాడు. ఇస్పేటు రాజు మనీమేకర్ దగ్గరే ఉండటంతో ఎదుటివాడికి పెద్ద ఫ్లష్ ఉండే అవకాశమూ తగ్గింది. అతను ఆ పోటీ గెలిచి 25 లక్షల డాలర్లు పట్టుకెళ్లాడు. ఆ గెలుపు చూసి ఎంతోమంది ఆన్‌లైన్ పోకర్‌కి వచ్చారు. వాళ్లలో చాలామందికి ఆల్ ఇన్ గుర్తుంది, టర్న్ రైజ్ గుర్తులేదు.

ఈ నాలుగు అంకెలు నోటికి రావాలి. పాట్ 1000 ఉన్నప్పుడు 330 వేసి బ్లఫ్ చేస్తే నాలుగింట ఒకసారి ఫోల్డ్ వస్తే నష్టం లేదు. 500 వేస్తే మూడింట ఒకసారి. 1000 వేస్తే రెండింట ఒకసారి. 2000 వేస్తే మూడింట రెండుసార్లు. ఇది ఎదురుగా ఒక్కడే ఉన్నప్పటి మాట. ముగ్గురుంటే, ఒక్కొక్కడు సగం సార్లు ఫోల్డ్ చేసేవాడైనా, ముగ్గురూ కలిసి ఫోల్డ్ చేసేది ఎనిమిదింట ఒక్కసారే. మీ శనివారం టేబుల్‌లో నలుగురు ఫ్లాప్ చూస్తారని నువ్వే చెప్పావు. అంతమంది ఎదురున్నప్పుడు ఉత్త బ్లఫ్ మానెయ్.

మంచి ముక్కలున్నప్పుడు కూడా నువ్వు తక్కువ వేస్తున్నావు, దాని వల్ల పోయేది ఇంకా ఎక్కువ. పాట్ 10, ఇద్దరి ముందూ 130 ఉన్నాయనుకో. ఫ్లాప్, టర్న్, రివర్ మూడింట్లోనూ సగం పాట్ వేస్తే 5, 10, 20: మొత్తం 35 లోపలికి వెళ్తాయి. పూర్తి పాట్ వేస్తే 10, 30, 90: మొత్తం 130, ఉన్నదంతా. ముక్కలు అవే, ఎదుటివాడు అతనే. రివర్‌లో పెద్దది రాబట్టాలంటే ఫ్లాప్‌లోనే పునాది పడాలి. సెట్ (ఒకే అంకెవి మూడు) పడ్డప్పుడు "వాడు పారిపోతాడేమో" అని చిటికెడు వేస్తావు చూడు, ఆ భయం పోవాలి. సంతలో బేరగాడిలా ఆలోచించు: కొనేవాడు ఎంతవరకు లేచిపోడో అంతా అడగాలి, అంతకు రూపాయి తగ్గకూడదు.

బోర్డును బట్టి అంకె మారుతుంది. రాజు, 7, 2 మూడు వేర్వేరు రంగుల్లో పడితే ఎదుటివాడికి ఎదురుచూడ్డానికి ఏమీ లేదు, మూడో వంతు పాట్ చాలు, ఏమీ లేనివాడు దానికే వెళ్లిపోతాడు. జాకీ, 10, 8 పడి రెండు ఒకే రంగైతే సగం ముక్కలకి ఏదో ఒక ఆశ ఉంటుంది, అక్కడ మూడింట రెండు వంతులు వెయ్యి, లేదా చెక్ చెయ్యి. ఫ్లాప్‌కి ముందు ఇంత ఆలోచన అక్కర్లేదు: బిగ్ బ్లైండ్‌కి రెండున్నర రెట్లు, ముందు ఎవరైనా ఊరికే కాల్ చేసి ఉంటే ఒక్కొక్కరికీ ఇంకో బ్లైండ్ కలుపు.

పాట్‌కి మించి వెయ్యడం తప్పని నేను అనడం లేదు. 2017 జనవరిలో పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీవాళ్లు తయారుచేసిన లిబ్రాటస్ అనే ప్రోగ్రాం నలుగురు వృత్తి ఆటగాళ్లతో లక్షా ఇరవై వేల హ్యాండ్లు ఆడి గెలిచింది. అది పాట్‌కి ఎన్నో రెట్లు వేసేది. కానీ గొప్ప ముక్కలతోనూ అలాగే వేసేది, ఏమీ లేనప్పుడూ అలాగే వేసేది. రివర్‌లో పూర్తి పాట్ వేసేటప్పుడు రెండు మంచి హ్యాండ్లకి ఒక బ్లఫ్, సగం పాట్ వేసేటప్పుడు మూడింటికి ఒకటి, ఈ నిష్పత్తిలో ఉంటే ఎదుటివాడికి కాల్ చేసినా చెయ్యకపోయినా ఒకటే. నువ్వు 3000 వేసేది బ్లఫ్‌లో మాత్రమే. మీ ఫ్రెండ్స్‌కి అది ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది.

యాప్‌లో ఇంకో సంగతి. ఎదుటివాడి ముఖం కనబడదు కదా, కనబడేది అంకే, తీసుకున్న టైమే. సగం పాట్, పూర్తి పాట్ బటన్లు నొక్కేవాడు ఉన్నట్టుండి స్లైడర్ జరిపి విడ్డూరమైన అంకె వేశాడంటే ఆలోచించి వేశాడని అర్థం, సాధారణంగా మంచి ముక్కలే ఉంటాయి. నువ్వు మాత్రం ప్రతిసారీ దాదాపు ఒకే టైమ్ తీసుకో, ఒకే సందర్భంలో ఒకే అంకె వెయ్యి. ఉచిత చిప్స్ టేబుళ్లలో బ్లఫ్ సాధన చెయ్యకు. పోయేదేమీ లేనివాడు ఎందుకు ఫోల్డ్ చేస్తాడు? అక్కడ మంచి ముక్కలకి ఎంతవరకు రాబట్టగలవో నేర్చుకో. బ్లఫ్ సాధనకి మీ శనివారం ఆటే మేలు, కానీ ఒక కట్టుబాటు పెట్టండి: ఒక్కొక్కరికి ఒక్కసారే చిప్స్, అయిపోతే ఆ రాత్రికి అంతే, నెలంతా పాయింట్లు రాసిపెట్టండి. అప్పుడు ప్రతివాడూ తన చిప్స్ జాగ్రత్తగా చూసుకుంటాడు, నీ బ్లఫ్‌కీ విలువ వస్తుంది.

గోవాలో టోర్నమెంట్ ఆడాలని ఉందన్నావు. పనాజీలో మాండవి నది మీది క్యాసినోల్లో ఆడటానికి చట్టం అడ్డురాదు. వెళ్లే ముందు ఎంట్రీ ఫీజు, దారి ఖర్చులు తప్ప ఇంకేమీ పట్టుకెళ్లనని నాకు మాట ఇవ్వు. అప్పు, క్రెడిట్ కార్డు అసలే వద్దు, మీ అమ్మ నీ మీద పెట్టుకున్న నమ్మకం నాకు తెలుసు. టోర్నమెంట్‌లో బ్లైండ్లు పెరిగేకొద్దీ నీ దగ్గర పదిహేను బ్లైండ్లకి సరిపడా చిప్సే మిగిలే సమయం వస్తుంది. అప్పుడు ఫ్లాప్, టర్న్, రివర్ మూడింట్లో వేసుకుంటూ పోవడానికి చోటుండదు, చాలావరకు ఫ్లాప్‌కి ముందే ఆల్ ఇన్ లేదా ఫోల్డ్. ఆ లెక్క వేరే ఉత్తరంలో రాస్తాను.

వచ్చే శనివారం ఆట అయ్యాక నువ్వు బెట్ వేసిన హ్యాండ్లలో మూడు రాసి పంపు. ప్రతి పందెం పక్కన పాట్ ఎంతో, ఎవరు ఫోల్డ్ చెయ్యాలనుకున్నావో రాయి. ఎవరు గెలిచారన్నది రాయకు, అది తెలియకుండానే నేను చూడాలి.

ఇట్లు,
మీ మామయ్య
మల్లేశ్వరం, బెంగళూరు