మిషన్ పెట్టబోతున్న బుజ్జికి

బుజ్జీ,

పెద్దమ్మ ఆశీస్సులు. మీ క్లినిక్‌లో హెరాయిన్ లాంటి మత్తుకు అలవాటు పడ్డవాళ్లకు రోజూ తాగించే మెథడోన్ మందు పోయడానికి మిషన్ పెడుతున్నారని, ఆ పని మొత్తం నీకే అప్పజెప్పారని మీ అమ్మ చెప్పింది. ఇంత చిన్న వయసులో అంత బాధ్యత ఇచ్చారంటే నిన్ను నమ్మారనేగా. సంతోషించాను. ఆ తర్వాత నిద్ర పట్టలేదు. ఫోన్ చేస్తే "నేను చూసుకుంటాలే పెద్దమ్మా" అని రెండు ముక్కల్లో తేల్చేస్తావు, అందుకే రాస్తున్నాను. ఓపిగ్గా చదువు.

నేను మిషన్లకు అడ్డుపడేదాన్ని కాను. ఆ కౌంటర్ వెనక నిలబడి, కొలపాత్రను కళ్లకు సమానంగా ఎత్తి పట్టుకుని, గీత గీతా చూసి పోసినదాన్ని. పక్కన ఎవరైనా పలకరిస్తే చూపు చెదిరేది. మధ్యాహ్నానికి మణికట్టు లాగేసేది. "నిన్న ఇంకా పైకి వచ్చింది, ఇవాళ తగ్గించావు" అని రోజూ ఎవరో ఒకరు గొడవకు దిగేవారు. మిషన్ వచ్చాక ఆ గొడవ చాలావరకు పోయింది. కాబట్టి పెట్టు. కాకపోతే ఏది దానికి వదలాలో, ఏది నీ చేతిలో ఉంచుకోవాలో తేల్చుకుని పెట్టు.

నీకు తెలిసిన సంగతులు గబగబా చెప్పేస్తాను. పంపులోని మెత్తటి గొట్టాన్ని రోలర్లు నొక్కి నొక్కి సాగదీస్తాయి, కొలత మెల్లగా జారుతుంది. రోజూ కౌంటర్ తెరవకముందే సరిచూడు. తూచి చూసే పద్ధతైతే గ్రాములూ మిల్లీలీటర్లూ ఒకటే అనుకోకు, ఆ పాకం లాంటి మందు నీళ్లకంటే బరువు, సాంద్రతతో భాగించాలి. సీసా మార్చాక గొట్టంలో గాలి బుడగ ఉంటే మొదటి కప్పు తక్కువ పడుతుంది, అది ఎవరికీ ఇవ్వకు, లెక్కలో మాత్రం రాయి. మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము ఉండే మందునూ, 10 మిల్లీగ్రాములు ఉండే మందునూ ఒకే బీరువాలో పెట్టనివ్వకు. సీసాలో ఏముందో మిషన్‌కు తెలియదు, నువ్వు చెప్పిందే నమ్ముతుంది. 60 మిల్లీగ్రాముల డోసుకు 60 మిల్లీలీటర్లు పోస్తుంది. సీసాలో చిక్కటి మందు ఉంటే ఆ కప్పులో ఉన్నది 600. సీసా మీది బార్‌కోడ్ చదివాకే పంపు కదిలేలా చేయించు.

మిషన్ వస్తే క్యూ తగ్గుతుందని చెప్పి పైవాళ్లను ఒప్పించావట. క్యూలో టైమ్ ఎక్కడ పోతోందో ఒకసారి నిలబడి చూశావా? మెథడోన్ దగ్గర కొలవడంలోనూ రాయడంలోనూ పోతుంది, అక్కడ మిషన్ నిజంగానే ఆదుకుంటుంది. అదే వైద్యానికి ఇచ్చే బుప్రెనార్ఫిన్ మాత్రల దగ్గర అలా కాదు. నాలుక కింద మాత్ర కరగడానికి 5 నుంచి 10 నిమిషాలు పడుతుంది. అంతసేపూ మనిషి కూర్చోవాలి, మనం చూస్తుండాలి. మాత్రలు లెక్కపెట్టే మిషన్ ఎంత ఖరీదైనది తెచ్చినా నాలుక కింద మాత్ర ముందుగా కరగదు. అక్కడ నీకు కావలసింది ఇంకో నాలుగు కుర్చీలు.

ఇప్పుడు నాకు నిద్ర పట్టనివ్వని సంగతికి వస్తాను.

నేను పనిచేసిన ఒక క్లినిక్‌లో మిషన్ కొత్తగా పెట్టారు. మనిషి వరుసగా కొన్ని రోజులు డోసుకు రాకపోతే ఒంటికి తట్టుకునే శక్తి తగ్గిపోతుందని, పాత డోసే పోస్తే ఊపిరి ఆగొచ్చని నీకు చెప్పక్కర్లేదు. వరుసగా 3 రోజులు తప్పితే డాక్టరు చూడకుండా ఇవ్వకూడదన్నది చాలా చోట్ల పాటించే పద్ధతే. ఆ మిషన్‌కూ ఆ సంగతి తెలుసు. తెర మీద పసుపు రంగులో హెచ్చరిక వచ్చేది: డోసులు తప్పాయి, కొనసాగించాలా? దాని కిందే ఓకే. పూర్తిగా లాక్ చేసే ఏర్పాటు కూడా అందులో ఉంది. లాక్ పెడితే క్యూ ఆగిపోతుంది, హెచ్చరిక చాలు అన్నారు మిషన్ బిగించడానికి వచ్చినవాళ్లు. మా పైవాళ్లు తలూపారు.

అంతటితో ఆగినా బాగుండేది. వారాంతానికి ఇంటికి ఇచ్చి పంపే సీసాలను ఆ సాఫ్ట్‌వేర్ డోసులుగా లెక్కపెట్టేది కాదు. ఇంట్లో బుద్ధిగా మందు తాగినవాళ్లు కూడా దాని దృష్టిలో డోసు ఎగ్గొట్టినవాళ్లే. సోమవారం వచ్చిందంటే తెరంతా పసుపే. మొదట్లో నర్సులు ఒక్కో హెచ్చరికా చదివారు. పోనుపోను వేలు దానంతటదే ఓకే మీదికి వెళ్లేది. పైవాళ్లకు చెప్పాం కూడా. అప్‌డేట్ వస్తుంది, సర్దుకుంటుంది అన్నారు.

ఒక సోమవారం ఒకతను వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయేమో, 90 మిల్లీగ్రాముల మీద నిలకడగా ఉన్నవాడు. దగ్గరివాళ్లు ఎవరో పోయారని వెళ్లి, బుధవారం నుంచీ డోసుకు రాలేదు. ఎవరికీ చెప్పలేదు. వేలిముద్ర పెట్టాడు, పసుపు వచ్చింది, కౌంటర్‌లోని అమ్మాయి ఓకే నొక్కింది, కప్పు నిండింది. నేను పక్క కౌంటర్‌లోనే ఉన్నాను. మందు తాగి, పైన నీళ్లు తాగి, థాంక్స్ చెప్పి వెళ్లాడు. మెథడోన్ ప్రభావం పూర్తిగా పైకి వచ్చేది 2 నుంచి 4 గంటలకు. మన కళ్ల ముందు మనిషి మామూలుగానే నడిచి వెళ్తాడు, అదే దీనితో వచ్చిన చిక్కు.

మధ్యాహ్నం వాళ్ల అక్క లేపితే లేవలేదు. గురక గరగరమంటూ ఆగి ఆగి వస్తోందట, పెదవులు నీలంగా ఉన్నాయట. ఆసుపత్రిలో దానికి విరుగుడు మందు నలాక్సోన్ ఇవ్వగానే లేచి కూర్చుని ఇంటికి పోతానన్నాడు. నలాక్సోన్ పట్టు 30 నుంచి 90 నిమిషాలు. మెథడోన్ ఒంట్లో సగానికి తగ్గడానికే సుమారు ఒక రోజు, కొందరికి రెండు రోజులు కూడా దాటుతుంది. లేచాడు కదా అని పంపేస్తే దారిలోనే మళ్లీ పడిపోతాడు. అక్కడి నర్సు ఒకావిడకు అనుమానం వచ్చి మాకు ఫోన్ చేసింది, ఏమిచ్చారు, ఎప్పుడిచ్చారు అని. ఆవిడ పుణ్యమా అని అతన్ని ఆపి నలాక్సోన్ డ్రిప్ పెట్టారు. డ్రిప్ కాస్త తగ్గించగానే మళ్లీ మగతలోకి జారాడట. బతికాడు.

తర్వాత మీటింగ్ పెట్టి, ఓకే నొక్కిన అమ్మాయికి మెమో ఇచ్చారు. లాక్ వద్దన్నదెవరు, సీసాల లెక్క తప్పుతోందని మేం చెప్పినప్పుడు పక్కన పెట్టిందెవరు అని ఆ గదిలో ఒక్కరూ అడగలేదు. ఆ అమ్మాయి ఉద్యోగం మానేసింది. ఎంత మంచి చేయో ఆమెది. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

కాబట్టి నీ మిషన్‌లో పసుపు వద్దు. 3 రోజులు తప్పితే పంపు కదలకూడదు, డాక్టరు తన లాగిన్‌తో తెరిస్తేనే కదలాలి. నర్సు పాస్‌వర్డ్‌తో తెరుచుకోకూడదు, నీ పాస్‌వర్డ్‌తోనూ తెరుచుకోకూడదు. క్యూ ఆగితే ఆగనీ, తిట్టుకుంటే తిట్టుకోనీ. ఇంటికిచ్చిన సీసాలు, సెలవు రోజులు, వేరే క్లినిక్‌లో తాగిన డోసులు అన్నీ లెక్కలోకి వస్తున్నాయో లేదో ముందే పరీక్షించు. కొత్తగా చేరినవాళ్లకు డోసు పెంచే షెడ్యూలు ఉంటుంది చూడు, అది ఇంకా ప్రమాదం. మందు రోజురోజుకూ ఒంట్లో పేరుకుంటూ పోతుంది కాబట్టి మొదటి రెండు వారాలే ప్రాణాల మీదికి వచ్చే కాలం. మనిషి రాకపోయినా షెడ్యూలు తేదీల ప్రకారం ముందుకు పోతుంటే, తిరిగొచ్చిన రోజు తాగని డోసుల పైన ఇంకో మెట్టు ఎక్కించి పోస్తుంది. ఆ షెడ్యూలు తాగిన డోసులతో నడవాలి. ఒక్క డోసు తప్పినా ఆగాలి.

కోప్పడుతున్నానని అనుకోకు. చిన్నప్పుడు నా యూనిఫాం జేబులో పెన్ను లాక్కుని కాగితం నిండా అంకెలు రాసేదానివి, ఒక్కటి వంకరగా వస్తే మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టేదానివి. నువ్వు లెక్క తప్పవు. లెక్క సరిపోయింది కదా అని మీ వాళ్లు మనిషిని చూడటం మానేస్తారేమోనని నా టెన్షన్.

చేత్తో పోసే రోజుల్లో కొలపాత్ర ఎత్తేలోపే ఎదుటివాళ్లను ఒకసారి చూసేవాళ్లం. మద్యం వాసన వస్తోందా, రెప్పలు వాలుతున్నాయా, కంటిపాప సూదిమొనంత అయిందా, మాట ముద్దగా ఉందా. మద్యం, నిద్రమాత్రలు మెథడోన్‌తో కలిస్తే ఊపిరికే ముప్పు. తాగాక రెండు మాటలు మాట్లాడించేవాళ్లం, మందు నోట్లో దాచుకుని బయటికి పోకుండా. ఇవేవీ ఆ మిషన్ చేయదు. టైమ్ మిగిలింది కాబట్టి ఒక నర్సును తగ్గిద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకు. తెరను నర్సుకూ మనిషికీ మధ్యలో పెట్టనివ్వకు, పక్కకు జరిపించు. మధ్యలో ఉంటే అందరూ తెరతోనే మాట్లాడతారు.

గుర్తుపట్టడానికి వేలిముద్రలు అనుకుంటున్నావట. ఇటుకలు, సిమెంటు పని చేసేవాళ్లకు వేళ్ల గీతలు అరిగిపోయి ఉంటాయి. మిషన్ వాళ్లను నలుగురిలో మళ్లీ మళ్లీ కాదంటుంది. అసలే తల వంచుకుని వచ్చేవాళ్లు వాళ్లు. కనుపాప స్కానో, ఫొటోనో, ఇంకో దారి ఉంచు. ఫొటోలు మాత్రం కొన్ని నెలలకోసారి మళ్లీ తీయించు. చేరిన రోజు ఫొటోలో బుగ్గలు పీక్కుపోయి, కళ్లు గుంటలు పడి ఉంటాయి, నిలకడగా మందు తాగాక ఆ మనిషి వేరు. ఒకావిడ తన పాత ఫొటో తెర మీద చూసి "ఇదెవరండీ" అని నవ్వింది. కొత్తది తీస్తామంటే జుట్టు సర్దుకుని, బ్యాగు పక్కన పెట్టి, నిటారుగా నిలబడింది.

మత్తు పోసే మిషన్ పెట్టిందట అనేవాళ్లు కూడా ఉంటారు. 1965లో అమెరికా డాక్టర్లు విన్సెంట్ డోల్, మేరీ నైస్వాండర్ ఈ వైద్యం ఫలితాలు ప్రచురించిన నాటి నుంచీ ఆ మాట పడుతూనే ఉన్నాం. 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మెథడోన్‌నూ, బుప్రెనార్ఫిన్‌నూ అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చినా అనేవాళ్లు అంటూనే ఉన్నారు. వాదనకు దిగకు.

సాయంత్రం సీసాల్లో మిగిలిన మందు, కంప్యూటర్ చూపించే లెక్క ఇద్దరు కలిసి సరిచూడాలి. కంపెనీ సీసాలో కాస్త ఎక్కువ ఉండొచ్చు, గొట్టంలో కాస్త ఉండిపోవచ్చు, చిన్న తేడా మామూలే. మామూలే కదా అని సర్దేసే బటన్ ఎవరి చేతిలో ఉందో చూసుకో. కారణం రాయకుండా, రెండో సంతకం లేకుండా అది పనిచేయకూడదు. రేపు నిజంగా మందు తగ్గితే ఏ పాపం ఎరగని నర్సు మీద అనుమానం పడుతుంది.

కరెంటు పోతుంది, నెట్ పోతుంది, అదీ సరిగ్గా క్యూ నిండుగా ఉన్నప్పుడే. రోజూ పొద్దున్నే అందరి డోసులు, చివరిసారి తాగిన తేదీలు ప్రింటు తీసి తాళంలో పెట్టు. కొలపాత్రలు పారేయకు. నెలకోసారి కాసేపు మిషన్ ఆపి చేత్తో పోయించు, కొత్తగా వచ్చే నర్సులకు ఆ అలవాటే ఉండదు. మొదటిసారి నేనొచ్చి నేర్పిస్తాను, కుర్చీ ఒకటి వేయించు చాలు, మోకాళ్లు సహకరించడం లేదు.

కంపెనీవాళ్లు ఈ వారమే వస్తున్నారట కదా. ఉత్తుత్తి పేరుతో ఒక రికార్డు తయారుచేసి, 5 రోజులు డోసు తప్పినట్టు పెట్టి, సీసాలో నీళ్లు పోసి, వాళ్ల ముందే నొక్కి చూడు. కప్పులో చుక్క పడితే కాగితాల మీద సంతకం పెట్టకు. ఏమైందో ఆ సాయంత్రమే నాకు మెసేజ్ పెట్టు, ఫోన్‌లో చెప్తే నాకు సరిగ్గా వినపడదు.

మీ పెద్దమ్మ